పచ్చడి జాడీలో స్పెయిన్ దేశం

ఆ రోజుల్లో ఒక వస్తువు బాగుందో పాడైందో తేల్చుకోవడానికి మా ఇళ్ళల్లో డబ్బా తిరగేసి తేదీ చదివే అలవాటు లేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్ళు. ముక్కు చెప్పిందే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. మాది రాజమండ్రిలో తాతల నాటి కిరాణా కొట్టు. కందిపప్పు ఏ ఏటిదో, నెయ్యిలో ఏం కలిసిందో మా వాళ్ళు గుమ్మంలో నిలబడే చెప్పేవారు. అంతటి ముక్కుల వంశంలో పుట్టి, ఆ ముక్కుల్లో ఒకదాని పుణ్యమాని నేను ఎంత గండంలో పడ్డానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న గోదావరి గట్టు మీద కొత్తగా వెలసిన హోటల్లో మెనూ కార్డు తిప్పుతుంటే 'సాంగ్రియా' అన్న పేరు, దాని ఎదురుగా ఉన్న ధర కనిపించాయి. వైన్‌లో నాలుగు పళ్ళముక్కలు వేసి గ్లాసుడు ఇస్తారట. దానికి ఆ ధర! "ఏంటండీ, అలా పళ్ళు నూరుతున్నారు?" అంది మా ఆవిడ. హోటల్లో, పదిమందిలో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను? అందుకని మీకు చెబుతున్నాను. తప్పు నాదో కాదో మీరే అనండి.

డిగ్రీ పూర్తవగానే నాన్న కొట్లో గల్లాపెట్టె పక్కన నాకో కుర్చీ వేయించేశారు. నేను ఆ కుర్చీలో కూర్చోనని, బయట ఉద్యోగం చేస్తానని, ఇంట్లో పెద్ద యుద్ధమే చేశాను. చివరికి నాన్న కొట్టు యజమాని పద్ధతిలోనే రాజీకి వచ్చారు. "ఉగాది నుంచి ఉగాదికి గడువు. ఈలోపు నిన్ను పర్మనెంటు చేశారా, నీ దారి నీది. లేదా, మారుమాట్లాడకుండా వచ్చి కుర్చీలో కూర్చో." నాకు దొరికిన ఉద్యోగం తణుకులో, రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఆఫీసులో. ఉల్లిపాయ తరగాలన్నా తిథి చూసుకునే ఇంట్లోంచి రొయ్యల కంపెనీకి! నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ గుమ్మంలోనే ఆపి కాళ్ళు కడుక్కోమనేది. (నేను కాయితాల మీద తప్ప రొయ్య మొహం చూడలేదని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. ఫ్యాక్టరీ ఎక్కడో భీమవరం అవతల ఉంటే, నేను తణుకులో ఫ్యాను కింద కూర్చుని బిల్లులు రాసుకునేవాణ్ణి.) బస మా మేనత్త ఇంట్లో. అత్తయ్య, మావయ్య ఇద్దరే ఉండేవాళ్ళు. కింద మావయ్య కిరాణా కొట్టు, పైన ఇల్లు, ఆ పైన మేడ మీద నా గది. అంటే కొట్టు తప్పించుకుని పారిపోయి మళ్ళీ కొట్టు మీదే పడ్డానన్నమాట.

శివరాత్రి వెళ్ళింది. ఉగాది దగ్గర పడుతోంది. నా పర్మనెంటు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అలాంటి సమయంలో ఒక ఉదయం మా ఓనరు గారు ఆఫీసు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. మంచి మనిషే గానీ, ఆ మధ్య డాక్టరు తాగుడు మాన్పించడం వల్ల కొంచెం చిటపటలాడుతూ ఉండేవారు. "స్పెయిన్ నుంచి కొనేవాడు వస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. వాళ్ళ దేశంలో సాంగ్రియా అని ఏదో తాగుతారంటగా, అది ఇంట్లో చేసిందై ఉండాలి. హోటలు సరుకు పెడితే మర్యాద ఏముంది? ఎవరికైనా చెయ్యడం వచ్చా?" అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. మేనేజరు కూడా దించేశాడు. (ఆయన ఏ గొడవొచ్చినా "సర్దుకుందామండి" అంటాడని మేమంతా ఆయన్ని సర్దుబాటు గారు అనేవాళ్ళం.)

ఇక్కడ మీకు మా కొట్టు సంప్రదాయం ఒకటి చెప్పాలి. గిరాకీ వచ్చి అడిగిన వస్తువు మన దగ్గర లేకపోతే, 'లేదు' అనడం మహాపాపం. "ఉందండి, కూర్చోండి" అని, వెనక గుమ్మంలోంచి మనిషిని పంపి పక్క కొట్లోంచి తెప్పించి, మన కొట్లోంచే తీసినట్టు కట్టి ఇవ్వాలి. నాకు మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఈ పాఠమే నేర్పారు. కాబట్టి అంతమంది తలలు దించుకున్న ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు "ఉందండి" అంది. ఎవరా అని నేను కూడా చుట్టూ చూశాను. నేనే.

"నీకు వచ్చా?" అన్నారు ఓనరు గారు.

"ఆయ్, వచ్చండి."

"రాజమండ్రి వాళ్ళకి స్పెయిన్ విద్య ఎలా వచ్చిందయ్యా?"

"మాది కిరాణా అండి. అన్నీ తెలుసుకుని ఉంటామండి."

ఆయన ఎగాదిగా చూశారు. "సరే, రాజమండ్రీ. ఈ ఒక్కటి గట్టెక్కించు. ఉగాదికి నీ సంగతి నేను చూస్తాను." ఆ వాక్యంతో నా జీవితం మొత్తం ఒక గ్లాసులోకి వచ్చి కూర్చుంది.

అప్పుడు ఫోన్లో వెతికి చూశాను. చూడగానే మొదటి కోపం వచ్చింది. ఎర్ర వైన్ తీసుకోవాలట. అందులో కమలాలు, యాపిళ్ళు, నిమ్మకాయలు చెక్కులతోనే తరిగి వెయ్యాలట. పంచదార, దాల్చినచెక్క. రాత్రంతా నానబెట్టాలి. తాగేముందు ఐసు, సోడా. ఎంతెంత? 'మీ రుచికి తగినంత.' ఏ పళ్ళు? 'మీ దగ్గర ఏవి ఉంటే అవి.' ఇదేం లెక్కండీ? ఇలా చెబితే మా కొట్లో ఒక్క పొట్లం కట్టగలమా? పైగా చివర్లో కాస్త బ్రాందీ కూడా కలుపుకోవచ్చట. వైన్ ఉండగా మళ్ళీ బ్రాందీ ఎందుకు? పెరుగులో మజ్జిగ కలిపినట్టు! ఆ ఖర్చు అక్కడికక్కడే కొట్టేశాను.

వైన్ మంచి రకం కావాలంటే యానాం వెళ్ళాలని ఆఫీసులో అందరూ ఏకకంఠంతో చెప్పారు. (సాంగ్రియా పేరు తెలియనివాళ్ళకి కూడా యానాం దారి కంఠతా వచ్చు.) శుక్రవారం సెలవు పెట్టి రావులపాలెం, అమలాపురం మీదుగా బస్సులు మారి వెళ్ళాను. నేను పుట్టాక మందు కొట్టు మెట్లెక్కడం అదే మొదలు. అలవాటు లేని చోట ధైర్యం కోసం అలవాటున్న పని చేశాను. బేరం మొదలుపెట్టాను.

"రెండు సీసాలు తీసుకుంటున్నాను, ఏం తగ్గిస్తారు?"

కౌంటరు వెనక మనిషి నా మొహం చూసి, సీసా మీద అచ్చేసిన ధర చూపించాడు. "ఇది మందండి. వంకాయలు కాదు."

"వంకాయలవాడైతే గుప్పెడు కరివేపాకైనా వేస్తాడు. మీరు కొసరు కూడా వెయ్యరా?"

"మందు కొట్లో కొసరేంటండి బాబూ!"

"అంత లాభం తింటూ ఉత్త చేతులతో పంపుతారా? మా కొట్లో అరకేజీ పప్పు కొన్నా పిల్లాడి చేతిలో బెల్లం ముక్క పెడతాం."

వెనక నిలబడ్డవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఒకాయన "ఏదో ఒకటిచ్చి పంపించవయ్యా, మా ప్రాణాలు పోతున్నాయి ఇక్కడ" అన్నాడు. కౌంటరు మనిషి దండం పెట్టి, ఒక మసాలా పల్లీల పొట్లం నా ముందుకి తోశాడు. ఆ పొట్లం జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే రాజ్యం గెలిచినట్టు అనిపించింది. తిరిగి వస్తుంటే వంతెన దగ్గర చెకింగు జరిగింది. సంచీ తెరిచిన ఉద్యోగి లోపలికి, నా మొహంలోకి మార్చి మార్చి చూసి, "అమలాపురం దాటి ఇంత దూరం వచ్చి రెండేనా?" అని జాలిగా జిప్పు మూసేశాడు. అవమానానికి కూడా ఒక హద్దుండాలి.

శనివారం సాయంత్రం తణుకు బజారులో పళ్ళు కొన్నాను. బండి దగ్గర ఆవిడ కమలాలు మూడు తూచి, "ఏం బాబూ, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అంది. నేను ఒక్కొక్క పండు పట్టుకుని తొడిమ దగ్గర నొక్కి చూస్తుంటే, "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత సేపు చూడర్రా నాయనా!" అంది. అక్కడ మాత్రం బేరం కుదిరింది. మూడు నిమ్మకాయలు ఊరికే వచ్చాయి. మావయ్య కొట్లోంచి అమ్మకానికి తెచ్చిన కొత్త పచ్చడి జాడీ ఒకటి అడిగి తీసుకున్నాను. అత్తయ్య చూస్తుండగా కడిగి, తుడిచి, మేడ మీదికి మోసుకెళ్ళి తలుపేసుకున్నాను. వైన్ పొయ్యడం అదే మొదటిసారి కదా, ముక్కు పక్కకి తిప్పుకుని పోశాను. పళ్ళు తరిగి వేశాను. జాడీ మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టాను, అచ్చం ఆవకాయకి కట్టినట్టే. కిందికి తెచ్చి, వంటింటి పక్క గదిలో చల్లటి మూల చూసి పెట్టాను.

"ఏంట్రా అది?" అంది అత్తయ్య.

"స్పెయిన్ వాళ్ళ పళ్ళరసం అత్తయ్యా. రేపటిదాకా నానాలి. దాని మీదే నా పర్మనెంటు ఆధారపడి ఉంది. ఎవరూ ముట్టుకోకూడదు."

"రసం నానడం ఏంట్రా, ఊరగాయా?" అంది గానీ, పర్మనెంటు అన్న మాటకి విలువిచ్చి ఊరుకుంది. నా గడువు సంగతి ఆవిడకీ తెలుసు. తన అన్నగారు మాటంటే మాటేనని ఇంకా బాగా తెలుసు.

ఆదివారం పొద్దున్నే ఐసు కోసం బయల్దేరాను. కంపెనీ ఐసు బోలెడుంది గానీ అది రొయ్యల మీద పోసే ఐసు. వాళ్ళు తాగితే తాగుతారేమో, నా చేత్తో మాత్రం వెయ్యలేను. ఊళ్ళో మంచి ఐసు, సోడాలు వెతికి, బేరమాడి, ఇంటికి చేరేసరికి ఎండ ముదిరిపోయింది. జాడీ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. వాసెన కట్టినట్టే ఉంది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని, ఓనరు గారింటికి చేర్చాను.

ఇంటి వెనక కాలవ ఒడ్డున పందిరి కింద భోజనాలు. స్పెయిన్ ఆయన పొడుగ్గా, ఎర్రగా, నెమ్మదస్తుడిలా ఉన్నాడు. ఓనరు గారి భార్య గుమ్మంలో నిలబడి, "అతిథి కోసం కాబట్టి సరే. రెండు గ్లాసులు, అంతే" అని ఆయనకి వేళ్ళతో సైగ చేసి లోపలికి వెళ్ళింది. నేను గ్లాసుల్లో ఐసు వేసి, పళ్ళముక్కలు పడేలా గరిటెతో పోసి, సోడా కలిపి అందించాను. ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. స్పెయిన్ ఆయన ఒక గుక్క తాగాడు. ఆగాడు. గ్లాసు ఎత్తి వెలుతురులోకి పెట్టి చూశాడు. తరవాత నన్ను చూసి నవ్వి, భుజం తట్టి, "గుడ్ ఫ్రూట్ జ్యూస్, మై ఫ్రెండ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. యానాం దాకా వెళ్ళి తెచ్చి, రాత్రంతా నానబెట్టిన దాన్ని పళ్ళరసం అంటాడా? వాళ్ళ దేశంలో మెచ్చుకోవడం ఇంతేనేమో అని సరిపెట్టుకున్నాను.

ఓనరు గారు మాత్రం మొదటి గుక్కకే కళ్ళు మూసుకున్నారు. "అబ్బ! గొంతులో మంట చూశావా?" అన్నారు. "అది పైకి తెలియదయ్యా. వైన్ నెమ్మదిగా ఎక్కుతుంది" అన్నారు రెండో గుక్కకి. ఎన్ని నెలలుగానో మొహం వాచిపోయి ఉన్నారేమో, గ్లాసు సగమయ్యేసరికి కుర్చీలో వెనక్కి వాలిపోయి ఒక పాత పాట అందుకున్నారు. యజమానికి ఎక్కాక ఉద్యోగికి ఎక్కకపోతే ఏం బాగుంటుంది? సర్దుబాటు గారు కూడా మెడ ఒక పక్కకి వాల్చి, పందిరి గుంజని కౌగిలించుకుని, "నాక్కూడా తిరుగుతోందండి" అన్నాడు. రెండో గ్లాసు ముగిశాక స్పెయిన్ ఆయన అసలు విషయం ఎత్తాడు. రొయ్యల రేటు తగ్గించాలన్నాడు. మామూలుగా అయితే ఓనరు గారు నీళ్ళు నమిలి, ఎంతో కొంత తగ్గేవారే. ఆ మధ్యాహ్నం మాత్రం బల్ల మీద గుద్ది లేచారు.

"నా రొయ్యకి నా రేటు! ఒక్క రూపాయి తగ్గను. ఇష్టమైతే తీసుకో, కష్టమైతే రాజమండ్రిలో విమానం ఎక్కు! చెప్పవయ్యా ఆయనకి!"

సర్దుబాటు గారు దాన్ని ఇంగ్లీషులోకి ఎంత మెత్తగా దించినా, బల్ల గుద్దిన చప్పుడుకి తర్జుమా అక్కర్లేకపోయింది. స్పెయిన్ ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఓనరు గారి కళ్ళల్లోకి కాసేపు చూసి, "రేపు ఫోన్ చేస్తాను" అని లేచాడు. ఆయన కారెక్కి రాజమండ్రి హోటలుకి వెళ్ళిపోయాక ఓనరు గారు నన్ను దగ్గరికి లాక్కుని మెడ మీద చెయ్యేశారు. "ఒరేయ్ రాజమండ్రీ! నువ్వు పర్మనెంటురా! ఇదే నా మాట. ఈ కాలవ సాక్షి!" అన్నారు. నేను ఖాళీ జాడీ మోసుకుంటూ ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

అత్తయ్య వీధరుగు మీదే కూర్చుని ఉంది. "ఎలా ఉందిట నా షర్బతు?" అంది.

"నీ షర్బతేంటి అత్తయ్యా?"

"మరి ఎవరిదనుకున్నావు? నువ్వు ఐసుకి వెళ్ళావా, ఆ గదిలోంచి ఒకటే పులిసిన కంపు. వాసెన విప్పి ముక్కు పెట్టాను. నా తల్లే! పళ్ళన్నీ కుళ్ళి, రసం పులిసి, బుడగలు కట్టి ఉంది. పారబోశాను."

"పారబోశావా!"

"అరవకు. పాడైన సరుకు పరాయి ఇంటికి పంపిస్తే మన ఇంటి పేరు ఏం కావాలి? మీ తాత ఉండగా పుచ్చు శనగలు వెళ్ళాయని తెలిస్తే గిరాకీ అడక్కముందే కొత్తవి పంపించేవాడు, తెలుసా? నీకు చెబితే కంగారు పడతావని మీ మావయ్యని పరిగెత్తించి నల్లద్రాక్ష తెప్పించాను. ఉడకేసి, వడగట్టి, పటికబెల్లం, శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క వేసి, కొత్త పళ్ళు తరిగి, జాడీ కడిగి పోసి, నువ్వు కట్టినట్టే వాసెన కట్టాను. నీకు తేడా తెలిసిందా?"

నేను అరుగు మీద కూలబడ్డాను. రెండు సీసాల వైన్! బస్సులు మారి, యానాంలో యుద్ధం చేసి, వంతెన మీద జాలి చూపులు భరించి తెచ్చింది తణుకు మురిక్కాలవలో కలిసిపోయింది. నేను ఎవరి మీద అరవాలి? అందులో వైన్ ఉందని చెప్పి అరిస్తే, పళ్ళరసం పోయిందన్న గొడవ ఆగి, నేను మందు తెచ్చానన్న గొడవ మొదలవుతుంది. కొత్త జాడీ మైలపడిందని మావయ్య ఒకటి అంటాడు. కాబట్టి అరవడానికి కూడా వీల్లేని కోపం అది. దాన్ని మింగేసి, "బాగుందన్నారు అత్తయ్యా" అన్నాను. (ఆవిడ అంతటితో ఊరుకుందా? మేనల్లుడికి పళ్ళరసం పులవకుండా ఉంచడం కూడా చేతకాదని వీధి వీధంతా చెప్పింది.)

సోమవారం ఓనరు గారు గదిలోకి పిలిచారు. సర్దుబాటు గారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. "చూడవయ్యా, నిన్న నీకు పర్మనెంటు అన్నానటగా. అది లెక్కలోకి రాదు. మందు మీద అన్న మాట మంచం దిగితే చెల్లదు" అన్నారు. నోరు విప్పి, 'అది మందు కాదండి, మీరు పూర్తి తెలివిలో ఉండి అన్న మాటండి' అనాలనుంది. కానీ అన్నానంటే, ఆయన సాంగ్రియా అడిగితే నేను శొంఠి పానకం పోసినట్టు తేలుతుంది. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పర్మనెంటు పోతుంది. ఎటు చూసినా నాన్న వేయించిన కుర్చీయే కనిపిస్తోంది. ఎలాగూ పోయేది అయినప్పుడు పరువైనా మిగుల్చుకుందామని నోరు మూసుకుని వెనక్కి తిరిగాను.

అప్పుడు ఓనరు గారు ఫోను చేతిలోకి తీసుకుని సర్దుబాటు గారితో అన్నారు: "ఆ స్పెయిన్ ఆయనకి కలుపు. తాగిన మైకంలో నోరు జారాను, క్షమించమని చెప్పు. ఆయన అడిగిన రేటుకే ఇచ్చేద్దాం."

నేను గుమ్మంలో ఆగిపోయాను. ఉద్యోగం పోతే పోయింది, కొట్లో కూర్చుంటే కూర్చుంటాను. కానీ అవతలివాడు ఇంకా నోరు తెరవకుండా, మనంతట మనమే ఫోన్ చేసి రేటు తగ్గించడమా? కళ్ళ ముందు కొట్టు దోచుకుపోతున్నా చూస్తూ ఊరుకోగలను గానీ, ఇది చూడలేను. మా రక్తంలో లేదు.

"ఫోను పెట్టెయ్యండి!" అని అరిచాను.

ఓనరు గారు అదిరిపడి నిజంగానే పెట్టేశారు. "ఎవరి మీదయ్యా అరుస్తున్నావు?"

"నిన్న మీరు తాగలేదండి!"

"తాగలేదా?"

"అందులో చుక్క వైన్ లేదండి. మా అత్తయ్య పాడైందనుకుని పారబోసి షర్బతు చేసి పెట్టిందండి. నాకు ఇంటికెళ్ళాక తెలిసింది."

"మరి గొంతులో మంట?" అన్నారు ఓనరు గారు నెమ్మదిగా.

"శొంఠి, మిరియాలండి."

"తల తిరిగింది?"

"ఎండండి."

"మరి నేను పాడిన పాటలు?"

"అవి మీ సొంతమేనండి."

ఆయన తల తిప్పి సర్దుబాటు గారిని చూశారు. సర్దుబాటు గారు కిటికీలోంచి ఏదో ముఖ్యమైనది చూస్తున్నాడు. నేను ఆగలేదు. ఎలాగూ మునిగాను, చలేమిటి? "ఆయనకి మొదటి గుక్కకే తెలిసిందండి. జ్యూసని నాతో అన్నాడు కూడా. అంటే, మీరు తెలివిలో ఉండే బల్ల గుద్దారని ఆయన నమ్మాడండి. ఇప్పుడు తాగి అన్నానని చెబితే అబద్ధమని తెలుస్తుంది, పైగా తగ్గుతారనీ తెలుస్తుంది. బేరంలో ముందు కదిలినవాడిదే ఓటమండి. ఆయన్నే చెయ్యనివ్వండి."

ముగ్గురం ఆ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం. టీలు వచ్చాయి, చల్లారాయి. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే కూర్చున్నాను. భోజనాల వేళకి ఫోను మోగింది. ఓనరు గారు "యస్... యస్... సేమ్ రేట్... థాంక్యూ" అన్నారు, ఆ తరవాత ఫోను సర్దుబాటు గారికి ఇచ్చారు. ఆయన విని పెట్టేసి చెప్పిన దాని సారాంశం ఇది: 'వెళ్ళిన ప్రతిచోటా నాకు తాగించి బేరం కుదుర్చుకోవాలని చూశారు. పళ్ళరసం పోసి, ముక్కుసూటిగా రేటు చెప్పింది మీరొక్కరే. మీతోనే చేస్తాను.'

ఓనరు గారు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు. "మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పు" అన్నారు. "ఆ షర్బతు సంగతి మా ఆవిడకి తెలియనివ్వకు. నిన్న రాత్రి నన్ను తిట్టిన తిట్లన్నీ వృథా అయ్యాయని తెలిస్తే మళ్ళీ మొదలుపెడుతుంది. రేపట్నుంచి బిల్లులు వేరేవాళ్ళకి అప్పగించి, రేట్లు మాట్లాడేటప్పుడు నా పక్కన కూర్చో. నువ్వు పర్మనెంటు. ఈసారి మంచినీళ్ళు కూడా తాగకుండా అంటున్నాను."

"సరేనండి" అన్నాను. చేతులు కట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం మేడ మీదికి వెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. జాడీ, షర్బతు ఊసు ఎత్తకుండా, రేటు తగ్గకుండా ఎలా ఆపానో మాత్రం చిలవలు పలవలు చేర్చి చెప్పాను. నాన్న మధ్యలో "ఊ", "మంచిది", "అదీ బేరమంటే" అంటూ విన్నారు. ఆ మాత్రం మెచ్చుకోలు నేను ఆయన నోట ఎన్నడూ వినలేదు. అంతా అయ్యాక అడిగారు: "బాగుందిరా. జీతం ఎంత పెంచాడు?"

కింద వీధిలో మావయ్య కొట్టు ముందు ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"అడిగావా, లేదా?"

"లేదు నాన్నా. సరేనండి అని వచ్చేశాను."

ఆ మధ్యాహ్నం ఓనరు గారంతటి మనిషి నా చేతికి అంతగా చిక్కిన గడియ అంతకు ముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు. ఆ గడియలో నేను నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. నాన్న నిట్టూర్చారో, నవ్వారో తెలియలేదు. "పోనీలేరా. నువ్వు ఉద్యోగమే చేసుకో. కొట్టుకి పనికిరావు" అన్నారు.

ఆ మాటకి అప్పుడు నాకు రోషం పొడుచుకొచ్చింది. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇన్నేళ్ళలో ఎంతోమందితో ఎన్నో రేట్లు మాట్లాడాను, రూపాయి వదలకుండా రాబట్టాను కూడా. అయినా 'సరేనండి' అని చేతులు కట్టుకుని గదిలోంచి బయటికి వస్తున్న ఆ కొత్త పర్మనెంటు ఉద్యోగి గుర్తొస్తే, వెళ్ళి రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. కానీ వాడి మొహంలో ఆ సంతోషం చూశాక చెయ్యి లేవదు. నవ్వొచ్చేస్తుంది.